లైసెన్స్ మొన్నటిది, జీతం 2,500 రియాల్స్: హెవీ డ్రైవర్ ఆఫర్లను ఎలా చదవాలి?

"హెవీ డ్రైవర్లు అర్జెంటుగా కావలెను. సౌదీ. జీతం 2,500 రియాల్స్. ఫ్రెషర్స్ కూడా రావచ్చు. రూము ఫ్రీ. సీట్లు తక్కువ."

లాల్‌దర్వాజా, అలియాబాద్, శాలిబండ, ఛత్రినాక వైపు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ రకం పోస్టర్లు కొత్తేమీ కాదు. ఇంట్లో అబ్బాయి హెవీ లైసెన్స్ తెచ్చుకున్నాడని తెలిసిన రోజు నుంచి మామూ ఒకటి, ఖాలూ ఒకటి, పక్కింటి భాయ్ ఒకటి ఫార్వర్డ్ చేస్తారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ పోస్టర్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న ఆ జీతం అంకె ఒక్కటే చూసి అమ్మీ గాజులు తాకట్టుకు వెళ్తే, తర్వాత జరిగేది ఎవరి చేతిలోనూ ఉండదు. అసలు చూడాల్సింది వేరే. పని రానివాడికి అంత జీతం ఎందుకు ఇస్తున్నారు? ముందు ఎవరి జేబులోంచి డబ్బు కదులుతోంది? బండి ఎవరినైనా గుద్దితే భారం ఎవరి మీద పడుతుంది?

ఫ్రెషర్‌కి అంత జీతం ఎందుకు?

మన చట్టం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. అంతకుముందు కనీసం ఒక ఏడాది కారు లైసెన్స్, అంటే ఎల్ఎంవీ, చేతిలో ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో తీసేశారు. అది పేద పిల్లలకు మేలు చేసిన మార్పే. అయితే లైసెన్స్ చెప్పేది ఒక్కటే, ట్రాక్ మీద ఇన్‌స్పెక్టర్ ముందు బండి నడిపాడని. ముప్పై, నలభై టన్నుల లోడుతో ఘాట్ దిగడం, రాత్రి రెండు గంటలకు నిద్రను ఆపుకోవడం, వెనక్కి తీస్తూ ట్రైలర్‌ను ప్లాట్‌ఫామ్‌కు ఆనించడం ఆ పరీక్షలో ఉండవు. అందుకే మంచి కంపెనీలు, ఇక్కడైనా గల్ఫ్‌లోనైనా, కొన్నేళ్ళ అనుభవం అడుగుతాయి.

మరి అనుభవం అక్కర్లేదు, జీతం మాత్రం పూర్తిగా ఇస్తాం అంటే? నాకు కనిపించేవి మూడు కారణాలు. ఏజెంటే ఒక దొంగ అనుభవ సర్టిఫికెట్ తయారు చేయించి పంపుతాడు. లేదా వీసా మీద అసలు పని వేరే ఉంటుంది. లేదా వాళ్ళ వ్యాపారం డ్రైవర్ పనిలో లేదు, డ్రైవర్ కట్టే ఫీజులో ఉంది. నాలుగో కారణం కూడా ఉండొచ్చు. నిజంగా మనుషులు దొరక్క ఎవరినైనా తీసుకునే యజమాని. అతను మోసగాడు కాకపోవచ్చు, కానీ కొత్తవాడికి అతనితోనే ఎక్కువ ప్రమాదం.

కెనడాలో 2018 ఏప్రిల్ 6న జరిగింది దీనికి పెద్ద సాక్ష్యం. సస్కాచెవాన్ రాష్ట్రంలో హంబోల్ట్ అనే ఊరి కుర్రాళ్ళ హాకీ జట్టు బస్సులో వెళ్తోంది. రోడ్ల కూడలిలో స్టాప్ గుర్తు దగ్గర ఆగకుండా ఒక లారీ దూసుకొచ్చింది. 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. లారీ నడిపింది మన దేశం నుంచి వెళ్ళిన యువకుడు. పనిలో చేరి వారాలే అయింది. యజమానితో కలిసి రెండు వారాలు తిరిగాక రెండు ట్రైలర్లు కట్టిన బండిని ఒంటరిగా అప్పజెప్పారు. తాగి లేడు, ఫోన్ మాట్లాడటం లేదు. తప్పు ఒప్పుకున్నాడు. కోర్టు 8 ఏళ్ళ జైలు వేసింది. బండి యజమానికి పడింది 5,000 డాలర్ల జరిమానా. ఆ దుర్ఘటన తర్వాత అక్కడి పలు రాష్ట్రాలు కొత్త లారీ డ్రైవర్లకు తప్పనిసరి శిక్షణను తెచ్చాయి. అనుభవం అడగని యజమాని దయగలవాడనుకునే ముందు ఈ రెండు శిక్షలను పక్కపక్కన పెట్టి చూడండి.

సౌదీ లెక్క కాగితం మీద

ఇప్పుడు పైన చెప్పిన పోస్టర్‌ను లెక్క వేద్దాం. రియాల్ సుమారు 23 రూపాయలు అనుకుంటే 2,500 రియాల్స్ అంటే 57,500 రూపాయలు. వినడానికి బాగుంది. కాంట్రాక్టు కాగితం తెప్పించి చూస్తే బేసిక్ 1,200 అని, మిగతాది "ట్రిప్పులను బట్టి" అని ఉంటుందనుకుందాం. డ్రైవర్ ఆఫర్లలో ఇలా రెండు ముక్కలు చేయడం మామూలే. బేసిక్ ఖాయం, ట్రిప్పు డబ్బు బండి కదిలితేనే.

వెళ్ళగానే బండి కదలదు. మెడికల్, ఇఖామా, సౌదీ లైసెన్స్ అయ్యేదాకా రూములో కూర్చోవాలి. దానికి మూడు నెలలు వేసుకుందాం. ఆ మూడు నెలలు బేసిక్ 1,200 వస్తుంది. తిండికి, ఫోనుకు 600 పోతే మిగిలేది 600 రియాల్స్, అంటే 13,800 రూపాయలు. తర్వాత 21 నెలలు సగటున నెలకు 500 రియాల్స్ ట్రిప్పు డబ్బు వచ్చిందనుకుందాం. 1,700లో ఖర్చు 600 తీస్తే 1,100 మిగులుతుంది, అంటే 25,300 రూపాయలు. మొత్తం రెండేళ్ళకు 5,72,700 రూపాయలు. ఏజెంటుకు లక్షన్నర ఇచ్చి ఉంటే మిగిలేది 4,22,700. నెలకు పంచితే దాదాపు 17,600.

57,500 ఎక్కడ, 17,600 ఎక్కడ? ఇందులో మోసం ఏమీ లేదని గమనించండి. కంపెనీ ప్రతి నెలా టైముకు జీతం ఇచ్చిందనే అనుకున్నాం. అప్పు మీద వడ్డీ అసలు వేయలేదు. మన ఇళ్ళలో వడ్డీ పేరెత్తకపోయినా, బీసీ ముందుగా ఎత్తుకుంటే పోయే కసరు, తాకట్టు కొట్టుకు కట్టే డబ్బు అదే పని చేస్తాయి. అంకెలు మీ ఆఫర్‌ను బట్టి మారతాయి, కూడికలు తీసివేతలు మాత్రం ఇవే. బీకాం అక్కర్లేదు, ఒక కాగితం, పెన్ను చాలు.

ఆ లక్షన్నర సంగతి కూడా చూడాలి. కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలకు మించకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. ఇక సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణ ప్రకారం కార్మికుడిని తెచ్చుకునే ఖర్చు, ఇఖామా, వర్క్ పర్మిట్ ఫీజులు, వాటి రెన్యువల్, ఒప్పందం ముగిశాక తిరుగు టికెట్ యజమానివి. అంటే "వీసా కొనాలి భాయ్, లక్ష అవుతుంది" అన్నవాడు అక్కడి చట్టం ప్రకారం యజమాని కట్టాల్సినదాన్ని మన దగ్గర వసూలు చేస్తున్నాడు. చాలాచోట్ల జరిగేది ఇంకొకటుంది. తీసుకునేది లక్షన్నర, రసీదు మాత్రం 35,400కే రాస్తారు. లేదా రసీదే ఉండదు.

వీసా మీద ఏ పని రాసి ఉంది?

జీతం కన్నా ముందు చూడాల్సిన కాగితం ఇది. సౌదీలో ట్రైలర్ నడపడానికి వెళ్తున్నవాడి వీసా మీద "హౌస్ డ్రైవర్" అని ఉందంటే అతను కంపెనీ మనిషి కాదు, ఒక ఇంటి మనిషి. 2021 మార్చి 14 నుంచి సౌదీ కఫీల్ పద్ధతిని కొంత సడలించింది. ఒప్పందం పూర్తయ్యాక కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారొచ్చంది. ఆ సడలింపులో ఇంటి పనివాళ్ళను, ఇంటి డ్రైవర్లను, తోటమాలులను, పశువులు కాసేవాళ్ళను చేర్చలేదు. ఒక్క మాట తేడాతో హక్కులే మారిపోయాయి.

కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళు మన బస్తీల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళకు 18 నంబర్, 20 నంబర్ అంటే చెప్పక్కర్లేదు. 18 కంపెనీ వీసా, 20 ఖాదిం వీసా. 20 మీద వెళ్ళి కంపెనీ లారీ నడిపితే చట్టం దృష్టిలో ఆ డ్రైవరే దొంగ. ఇక "ఆజాద్ వీసా". ఆ పేరుతో ఏ దేశమూ వీసా ఇవ్వదు. ఒక కఫీల్ పేరు మీద వెళ్ళి బయట ఎక్కడో పని చేసుకోవడానికి మనవాళ్ళు వాడే పేరు అది. సౌదీ చట్టం 39వ అధికరణ అలా వేరేవాళ్ళ దగ్గర పని చేయడాన్నే నిషేధిస్తుంది. ఆజాద్ అనే మాటకు ఇంతకన్నా అన్యాయం ఇంకోటి లేదు.

దుబాయ్ అయితే ఇంకో సంగతి. మన లైసెన్స్‌ను అక్కడ మార్చి ఇవ్వరు. ఇక్కడ హెవీ ఉన్నా అక్కడి స్కూల్లో చేరి, క్లాసులు తీసుకుని, పరీక్షలు పాస్ కావాలి. ఆ ఖర్చు ఎవరిది? ఫెయిలైతే మళ్ళీ కట్టేది ఎవరు? పాసయ్యేదాకా జీతం ఎంత? ఆఫర్ లెటర్‌లో ఈ మూడింటికీ జవాబు లేకపోతే, ఖర్చంతా అబ్బాయిదే అని అర్థం చేసుకోవచ్చు.

బండి గుద్దితే

ఇంట్లో ఎవరూ అడగడానికి ఇష్టపడని ప్రశ్న ఇది. అడగాలి. సౌదీలో అనుకోకుండా జరిగిన ప్రాణనష్టానికి దియా 3,00,000 రియాల్స్‌గా 2011లో నిర్ణయించారు. మన డబ్బులో దాదాపు 69 లక్షలు. బండికి సరైన ఇన్సూరెన్స్, డ్రైవర్‌కు ఆ బండికి తగిన సౌదీ లైసెన్స్ ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది. ఇన్సూరెన్స్ అయిపోయినా, ఇఖామా మీద పని వేరే ఉన్నా, లైసెన్స్ రాకముందే యజమాని "ఒక్క ట్రిప్పే" అని పంపినా, గొడవ అంతా డ్రైవర్ మెడకు చుట్టుకుంటుంది. దియా కట్టలేక జైల్లో ఉండిపోయినవాళ్ళ కోసం మన మస్జిదుల్లో చందాలు ఎత్తడం కొత్తేమీ కాదు.

ఇక్కడ కూడా భయం తక్కువేం లేదు. 2024 జనవరి మొదటి వారం గుర్తుందా? కొత్త న్యాయ సంహిత 106(2) సెక్షన్‌లో గుద్ది పారిపోయి పోలీసులకు చెప్పకపోతే పదేళ్ళ దాకా జైలు అని పెట్టినందుకు లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె చేశారు. బంకులు ఖాళీ. జనవరి 2న మన చంచల్‌గూడలో ఒక డెలివరీ అబ్బాయి గుర్రం మీద ఆర్డర్ తీసుకెళ్ళిన వీడియో దేశమంతా చూసి నవ్వుకుంది. ఆ నవ్వులో డ్రైవర్ల మాట కొట్టుకుపోయింది. వాళ్ళు చెప్పింది ఇది: ఆగితే జనం కొడతారు, ఆగకపోతే జైలు. తర్వాత 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఒక్క సెక్షన్‌ను పక్కన పెట్టారు. పక్కన పెట్టడమంటే కొట్టేయడం కాదు.

అమెరికా, పోలండ్, రష్యా పేర్లు వినిపిస్తే

అమెరికా లారీ డ్రైవర్ వీసా అని ఎవరైనా డబ్బు అడుగుతుంటే మాట అక్కడే ఆపేయండి. ఫ్లోరిడాలో ఆగస్టు 12న మన దేశం నుంచి వెళ్ళిన డ్రైవర్ యూటర్న్ తీస్తుండగా ముగ్గురు చనిపోయాక, 2025 ఆగస్టు 21న అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో వాణిజ్య లారీ డ్రైవర్లకు వర్కర్ వీసాలు ఇవ్వడం వెంటనే ఆపుతున్నట్టు ప్రకటించారు. కెనడాలో యజమాని ఎల్ఎంఐఏ అనే అనుమతి తీసుకోవాలి. దానికి ఫీజు 1,000 డాలర్లు, యజమానే కట్టాలి, కార్మికుడి దగ్గర రాబట్టకూడదు. మన దగ్గర ఆ కాగితాన్నే లక్షలకు అమ్ముతారు.

యూరప్‌లో డ్రైవర్ల కొరత నిజమే. పోలండ్, లిథువేనియా కంపెనీలు బయటి దేశాలవాళ్ళను తీసుకుంటున్న మాటా నిజమే. కానీ అక్కడ లారీ నడపాలంటే లైసెన్స్ మీద కోడ్ 95 అనే అర్హత పడాలి. కొత్తవాళ్ళకు దాని శిక్షణ 280 గంటలు, తొందరగా చేసే పద్ధతిలో 140 గంటలు. ఆఫర్‌లో కోడ్ 95 ప్రస్తావనే లేకుండా రెండు లక్షల జీతం రాసి ఉంటే, రాసినవాడికి ఆ పని గురించి తెలియదు, లేదా మనకు తెలియకూడదని అనుకుంటున్నాడు. ఇంకో మాట, వర్క్ పర్మిట్ పీడీఎఫ్ వచ్చిందంటే వీసా వచ్చినట్టు కాదు. మిగతా డబ్బు కట్టించుకోవడానికి చూపించేది చాలాసార్లు ఆ పీడీఎఫే.

రష్యా సంగతి మన నగరానికి బాగా తెలుసు. హెల్పర్ పని అని, యుద్ధానికి సంబంధం లేదని చెప్పి తీసుకెళ్ళిన యువకులను ఉక్రెయిన్ యుద్ధంలోకి దించారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడి మరణాన్ని మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సీబీఐ పలు నగరాల్లో సోదాలు చేసి మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టింది. అంతకుముందే జనవరిలో ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఈ విషయాన్ని విదేశాంగ శాఖ దృష్టికి తెచ్చారు. అప్పటికే వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళిపోయారు. యూట్యూబ్ వీడియో చూసి నమ్మారు.

ఇక్కడి ఆఫర్లు

దేశం లోపలి ఆఫర్లకూ ఒక కొలబద్ద పెట్టుకోవాలి. ఆర్టీసీ వెయ్యి డ్రైవర్ పోస్టుల కోసం 2025 సెప్టెంబర్‌లో వచ్చిన నోటిఫికేషన్‌లో జీతం స్కేలు 20,960 నుంచి మొదలైంది. ప్రభుత్వ సంస్థే కొత్త డ్రైవర్‌కు ఆ దగ్గర మొదలుపెడుతుంటే, లైసెన్స్ వచ్చి నెల కాని అబ్బాయికి ప్రైవేటు లారీ ఓనర్ 60,000 ఎలా ఇస్తాడు? ఇవ్వగలడు, బండి అబ్బాయి పేరు మీద కొనిపిస్తే. "ఓనర్ కమ్ డ్రైవర్" అంటారు. ఆ 60,000లోంచి కిస్తీ, టైర్లు, ఇన్సూరెన్స్, చలాన్లు పోతాయి. లోడు దొరకని నెల కూడా కిస్తీ ఆగదు. అది ఉద్యోగం కాదు, అప్పు చేసి పెట్టిన వ్యాపారం. చేయకూడదని అనను, కానీ ఉద్యోగం అనుకుని సంతకం పెట్టొద్దు.

జీతం మీద పనిచేసేచోట అడగాల్సినవి చిన్నవే. బత్తా జీతంలో భాగమా, వేరేనా? హాల్టింగ్ పడితే రోజుకెంత? డీజిల్ తక్కువైందని కోస్తారా? ఓవర్‌లోడ్‌కు 20,000, పైగా టన్నుకు 2,000 చొప్పున పడే జరిమానా ఎవరు కడతారు? చట్టం బండి నడిపినవాడినీ, నడిపించినవాడినీ ఇద్దరినీ పట్టుకుంటుంది. జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ వర్తిస్తుందేమో కనుక్కోండి. ఒరిజినల్ లైసెన్స్, ఖాళీ చెక్కు గ్యారంటీగా అడిగే ఓనర్ దగ్గర పని వద్దు. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. కొత్త బండి ఉన్న ఓనర్ దగ్గర కాస్త తక్కువ జీతమైనా ఎండాకాలంలో ఆ తేడా తెలుస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, మొదటి రెండేళ్ళు డీసీఎం మీద, సీనియర్ పక్కన, నగరం చుట్టుపక్కల తిరగడమే మేలు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్ఎంవీ లైసెన్స్‌తోనే నడపొచ్చని తేల్చింది. కాబట్టి హెవీ కోసం ఆగకుండా ముందే మొదలుపెట్టొచ్చు. డీసీఎంలన్నీ ఆ బరువులోపే ఉండవు, ఆర్సీ చూసుకోవాలి. రెండేళ్ళ తర్వాత నిజమైన అనుభవ సర్టిఫికెట్‌తో వెళ్ళేవాడికి ఏజెంటు దగ్గర మాట్లాడే తీరే మారుతుంది.

డబ్బు ఇచ్చే ముందు

ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు ఉండటం చాలదు, లైసెన్స్ ఇంకా నడుస్తోందా చూడాలి. అక్కడే అక్రమ ఏజెంట్ల జాబితా కూడా పెడతారు. పాతబస్తీలో డబ్బు తీసుకునేది సాధారణంగా ఆ ఏజెంటు కాదు, అతని పేరు చెప్పుకునే సబ్ ఏజెంటు. చట్టంలో సబ్ ఏజెంటు అనే మనిషే లేడు. ముంబై లేదా ఢిల్లీ ఏజెన్సీ పేరు చెప్తే ఆ ఆఫీసుకే ఫోన్ చేసి ఈ డిమాండ్ వాళ్ళదేనా అని అడగండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, అక్కడ ఒకసారి కనుక్కుంటే పోయేదేమీ లేదు.

పది పాసైన పిల్లల విషయంలో ఒక చిత్రం ఉంది. పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్‌కు గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. యజమాని, ఒప్పందం, జీతం అన్నీ ప్రభుత్వం దగ్గర నమోదవుతాయి. పది పాసైతే ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. గౌరవంగానే ఉంటుంది, కానీ అతని ఒప్పందాన్ని ఎవరూ చూడరు. అలాంటివాళ్ళు కూడా ఇష్టమైతే ఈ-మైగ్రేట్‌లో నమోదు చేసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తాం అన్నవాడి ప్లానులో ఇవేవీ ఉండవు.

డబ్బు ఎప్పుడూ బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు మొత్తానికి తీసుకోండి. ఒప్పందం అరబీలో ఉంటే మన మదర్సాల్లో చదివి చెప్పేవాళ్ళు దొరుకుతారు. విమానాశ్రయంలో చేతిలో పెట్టే కాగితం కాకుండా వారం ముందే ఇంటికి తెప్పించుకుని చదివించండి. అప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటే, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో రెండు చోట్లా ఫిర్యాదు చేయాలి. అబ్బాయి అక్కడ చిక్కుకుంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది. ఏజెంటు "కేసు పెడితే డబ్బు రాదు" అని బెదిరిస్తాడు. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను పంపితే 1983 ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఆ రెండు వేలు 1983 నాటి రెండు వేలు, ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే ఫిర్యాదులో ఎమిగ్రేషన్ చట్టంతో పాటు మోసం సెక్షన్ కూడా పెట్టమని స్టేషన్‌లో గట్టిగా అడగాలి.